కణాల మధ్య సంకేతాల నియంత్రణలో ఎండోసైటోసిస్: పార్వతీపురం మన్యం రక్తవ్యాధుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

కణం తన పొరలో కొంత భాగాన్ని లోపలికి మడిచి, బయటి పదార్థాలను చిన్న సంచుల రూపంలో లోనికి తీసుకునే ప్రక్రియను ఎండోసైటోసిస్ అంటారు. దీనిని చాలాకాలం పోషకాలను గ్రహించే మార్గంగానే పరిగణించారు. ఒక కణం పంపిన సంకేతం మరొక కణంలో ఎంత బలంగా, ఎంతసేపు, ఏ స్థానంలో పనిచేయాలో నిర్ణయించడంలోనూ ఈ ప్రక్రియకు ప్రధాన పాత్ర ఉందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ఎర్ర రక్తకణం పుట్టుక నుంచి నశించే వరకు గల దశలను ఆధారంగా చేసుకొని ఆ పాత్రను వివరించడం ఈ వ్యాస లక్ష్యం. పార్వతీపురం మన్యం కొండ ప్రాంతాలలో ప్రజారోగ్యాన్ని ప్రభావితం చేస్తున్న మలేరియా, సికిల్ సెల్ వ్యాధి, ఇనుము లోపంతో కూడిన రక్తహీనతల మధ్య కణస్థాయిలో ఉన్న సంబంధాన్ని కూడా వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఎండోసైటోసిస్, గ్రాహకం, సంకేత ప్రసారం, నాచ్, ఎరిథ్రోపొయిటిన్, ట్రాన్స్‌ఫెరిన్, హెప్సిడిన్, సికిల్ సెల్, మలేరియా, పార్వతీపురం మన్యం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు, పాచిపెంట వంటి మండలాలు తూర్పు కనుమల కొండలలో విస్తరించి ఉన్నాయి. జాతాపు, సవర, గదబ, కొండదొర తదితర గిరిజన సమూహాలకు ఇది నివాసభూమి. తూర్పు కనుమల కొండవాగుల అంచులలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మలేరియాను వ్యాపింపజేస్తుంది. ఉత్తరాంధ్ర ఏజెన్సీ ప్రాంతపు గిరిజన సమూహాలలో సికిల్ సెల్ జన్యువు ఉంది. స్త్రీలలో, పిల్లలలో రక్తహీనత ఈ ప్రాంతపు చిరకాల సమస్య.

వైద్య పాఠ్యగ్రంథాలు ఈ మూడింటిని వేరువేరు అధ్యాయాలలో బోధిస్తాయి. మలేరియా పరాన్నజీవి వల్ల వచ్చే వ్యాధి, సికిల్ సెల్ జన్యు వ్యాధి, రక్తహీనతకు ప్రధాన కారణం పోషక లోపం అన్నది సాధారణ విభజన. కాని మూడింటి ప్రభావమూ ఎర్ర రక్తకణం మీదనే పడుతుంది. ఆ కణం ఏర్పడడానికి అవసరమైన సంకేతాలు, దానికి అందవలసిన ఇనుము, అది పగిలినప్పుడు వెలువడే శిథిలాల తొలగింపు ఎండోసైటోసిస్ మీద ఆధారపడి ఉన్నాయి. ఈ కారణంగా ఎర్ర రక్తకణాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ఎండోసైటోసిస్ సంకేతాలను నియంత్రించే తీరును అభివృద్ధి దశలోనూ వ్యాధి దశలోనూ ఒకే వరుసలో గమనించవచ్చు.

2. ఎండోసైటోసిస్ - ప్రక్రియ, చరిత్ర:

ఎండోసైటోసిస్‌కు తెలుగులో అంతఃకణ గ్రహణం అనే మాటను వాడవచ్చు. పెద్ద రేణువులను మింగడాన్ని కణభక్షణమని, ద్రవాన్ని గ్రహించడాన్ని కణపానమని అంటారు. సంకేత ప్రసారం దృష్ట్యా ముఖ్యమైనది గ్రాహకాల ద్వారా జరిగే గ్రహణం. కణపొర మీద ఉండే గ్రాహక ప్రోటీన్ తనకు సరిపడే అణువును పట్టుకుంటుంది. పొర లోపలి వైపున క్లాథ్రిన్ అనే ప్రోటీన్ బుట్ట అల్లికలాగా పేరుకొని ఆ భాగాన్ని గుంటగా మారుస్తుంది. ఆ గుంట మెడను డైనమిన్ అనే ప్రోటీన్ బిగించి తెంపుతుంది. విడివడిన పుటిక ఎండోసోమ్ అనే మజిలీకి చేరుతుంది. అక్కడి నుంచి గ్రాహకం తిరిగి పొర మీదికి వెళ్లవచ్చు, లేదా లైసోసోమ్‌కు చేరి నశించవచ్చు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ముద్ర పడిన గ్రాహకాలు సాధారణంగా రెండవ దారిలో పోతాయి.

ఈ గుంటలను స్పష్టంగా వర్ణించిన తొలి అధ్యయనాలలో ఒకటి దోమకు సంబంధించినది. 1964లో రోత్, పోర్టర్ అనే శాస్త్రజ్ఞులు ఈడిస్ ఈజిప్టై దోమ అండకణం పచ్చసొన ప్రోటీన్లను గ్రహించే తీరును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. ఆడదోమ రక్తం తాగిన తరువాత ఆ ప్రోటీన్లు తయారవుతాయి. అండకణం వాటిని ఎండోసైటోసిస్ ద్వారా లోనికి తీసుకుంటుంది. 1970 దశకంలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ రక్తంలోని కొలెస్ట్రాల్ రేణువులు గ్రాహకాల ద్వారా కణాలలోకి ప్రవేశిస్తాయని నిరూపించి, 1985లో నోబెల్ బహుమతి పొందారు. వారు పరిశీలించిన వంశపారంపర్య రోగులలో ఒకరి గ్రాహకం కొలెస్ట్రాల్ రేణువును పట్టుకోగలిగినా, క్లాథ్రిన్ గుంటలలోకి చేరలేకపోయింది. గ్రాహకం ఉన్నంత మాత్రాన సరిపోదని, అది లోనికి వెళ్లగలగడం కూడా అవసరమని ఈ ఉదాహరణ తెలిపింది.

3. గ్రహణానికి, సంకేతానికి గల సంబంధం:

సంకేతాలను ఎండోసైటోసిస్ ప్రధానంగా మూడు విధాలుగా నియంత్రిస్తుంది. మొదటిది, పొర మీది గ్రాహకాల సంఖ్యను తగ్గించి సంకేతాన్ని ముగించడం. చర్మకణ వృద్ధికారకమైన ఈజీఎఫ్ తన గ్రాహకంతో కలిసి లోనికి వెళ్లి నశిస్తుందని 1976లో కార్పెంటర్, కోహెన్ చూపారు. రెండవది, సంకేతాన్ని లోపలి మజిలీలలో కొనసాగించడం. 1996లో డైనమిన్ పనిని అడ్డుకొని చేసిన ప్రయోగాలలో ఈజీఎఫ్ సంకేత మార్గాలలో కొన్ని బలపడగా, మరికొన్ని బలహీనపడ్డాయి. అంటే, కొన్ని సంకేతాలు పూర్తి స్థాయిలో ప్రసారం కావడానికి గ్రాహకం లోనికి వెళ్లడం అవసరం. మూడవది, సంకేతాన్ని పంపే కణమే తన అణువును లోనికి లాగి, ఎదుటి కణంలో సంకేతాన్ని మేల్కొల్పడం. ఈ మూడవ విధానానికి ఉత్తమ ఉదాహరణ నాచ్ మార్గం.

4. పిండదశలో రక్త మూలకణాల పుట్టుక:

నాచ్ గ్రాహకం, దానిని మేల్కొల్పే డెల్టా ప్రోటీన్ రెండూ కణపొరలలో నాటుకొని ఉంటాయి. అందువల్ల ఈ సంకేతం ఒకదానినొకటి తాకుతున్న కణాల మధ్యనే సాధ్యం. డెల్టా నాచ్‌ను పట్టుకున్న తరువాత, డెల్టా గల కణం దానిని ఎండోసైటోసిస్ ద్వారా లోనికి లాగుతుంది. ఆ లాగుడు బలానికి నాచ్ ఆకృతి విప్పుకొని, ఎంజైములకు అందుబాటులోకి వచ్చి తెగుతుంది. లోపలి ముక్క కేంద్రకానికి చేరి జన్యువులను క్రియాశీలం చేస్తుంది.

ఈ అవగాహనకు పండు ఈగ తోడ్పడింది. షిబిరే అనే ఉత్పరివర్తనం గల ఈగలు ఉష్ణోగ్రత పెరిగినప్పుడు పక్షవాతానికి గురై, చల్లబడగానే కోలుకుంటాయి. ఆ జన్యువు డైనమిన్‌కు చెందినదని 1991లో తేలింది. అభివృద్ధి దశలో వాటిని వేడికి గురిచేస్తే నాచ్ లోపించిన ఈగలలో వలె నాడీకణాలు అధికంగా ఏర్పడతాయి. సంకేతాన్ని పంపే కణంలోనూ, అందుకునే కణంలోనూ డైనమిన్ అవసరమని 1997 నాటి పరిశోధన స్పష్టం చేసింది.

రక్తం విషయంలో జీబ్రా చేప మరింత ప్రత్యక్షమైన ఆధారాన్ని ఇచ్చింది. మైండ్ బాంబ్ అనే ఎంజైము డెల్టాకు యుబిక్విటిన్ ముద్ర వేసి, దాని ఎండోసైటోసిస్‌కు దారితీస్తుంది. ఈ ఎంజైము లోపించిన పిండాలలో తొలిదశ ఎర్రకణాలు ఏర్పడతాయి; జీవితాంతం రక్తాన్ని అందించవలసిన మూలకణాలు మాత్రం ఏర్పడవు. పొరుగుకణం ఒక ప్రోటీన్‌ను లోనికి లాగడం మీద రక్త మూలకణాల పుట్టుక ఆధారపడి ఉందన్నమాట.

5. ఎముక మజ్జలో ఎర్రకణం తయారీ:

5.1. ఎరిథ్రోపొయిటిన్ సంకేతం:

పెద్దవారి శరీరంలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారవుతాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు మూత్రపిండం ఎరిథ్రోపొయిటిన్ హార్మోనును విడుదల చేస్తుంది. ఎముక మజ్జలోని పూర్వకణాల మీద దీని గ్రాహకాలు స్వల్ప సంఖ్యలో ఉంటాయి. హార్మోను అతుక్కున్నప్పుడు జాక్-2 ఎంజైము క్రియాశీలమై, పూర్వకణం బతికి విభజన చెందేందుకు సంకేతాన్నిస్తుంది. ఆ వెంటనే గ్రాహకం యుబిక్విటిన్ ముద్ర పొంది లోనికి పోతుంది. ఈ విధంగా ప్రతి సంకేతానికి కాలపరిమితి ఏర్పడుతుంది. రక్తంలోని హార్మోనులో కొంత కూడా ఇదే మార్గంలో తొలగిపోతుంది.

ఈ పరిమితి తప్పితే ఏమవుతుందో 1993లో ఫిన్లాండ్‌కు చెందిన ఒక కుటుంబంపై జరిగిన అధ్యయనం తెలియజేసింది. ఆ కుటుంబంలో గ్రాహకపు లోపలి చివరి భాగం తెగిపోయి ఉంది. సంకేతాన్ని ఆపే ఎంజైము అతుక్కునే చోటు, గ్రాహకాన్ని లోనికి పంపే ప్రక్రియకు తోడ్పడే చోట్లు ఆ భాగంలోనే ఉంటాయి. ఫలితంగా హార్మోను తక్కువగా ఉన్నా ఎర్రకణాలు అధికంగా తయారయ్యాయి.

5.2. ట్రాన్స్‌ఫెరిన్ చక్రం:

విభజన సంకేతం అందిన కణానికి హీమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్ తన గ్రాహకంతో కలిసి క్లాథ్రిన్ పుటికలో లోనికి వెళుతుంది. ఎండోసోమ్‌లో ఆమ్లత పెరిగి పీహెచ్ సుమారు 5.5కు చేరుతుంది. అక్కడ ఇనుము విడివడుతుంది. స్టీప్-3 అనే ఎంజైము దాని రసాయన రూపాన్ని మార్చగా, అది కణద్రవ్యంలోకి పోతుంది. ఇనుము లేని ట్రాన్స్‌ఫెరిన్ మాత్రం గ్రాహకాన్ని విడవకుండా పొర మీదికి తిరిగివచ్చి, రక్తపు పీహెచ్ 7.4 వద్ద విడుదలవుతుంది. ఈ చక్రం కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది.

2016లో వెల్లడైన ఒక వంశపారంపర్య వ్యాధిలో ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకపు 20వ స్థానంలోని ఒకే అమైనో ఆమ్లం మారడంతో గ్రాహకం లోనికి వెళ్లే శక్తి తగ్గింది. ఆ పిల్లలలో రక్తహీనత స్వల్పంగానే ఉన్నా, రోగనిరోధక కణాలు విభజన చెందలేక తీవ్రమైన అంటువ్యాధులు వచ్చాయి. ఇనుము గ్రహణంలోని లోపం వేరువేరు కణాలలో వేరువేరు స్థాయిలలో బయటపడుతుందని దీనివల్ల తెలుస్తుంది. ఈ రంగంలో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు కూడా కృషి చేశారు. ఆప్టిన్యూరిన్ అనే ప్రోటీన్ ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకపు అంతర్గత ప్రయాణాన్ని నియంత్రిస్తుందని, గ్లాకోమాతో సంబంధం గల దాని ఉత్పరివర్తన రూపం ఆ ప్రయాణాన్ని అడ్డుకుంటుందని వారు 2010లో ప్రచురించారు.

5.3. గ్రహణశక్తిని వదులుకునే దశ:

కేంద్రకాన్ని వదిలిన లేత ఎర్రకణాన్ని రెటిక్యులోసైట్ అంటారు. హీమోగ్లోబిన్ నిండిన తరువాత దానికి ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం అవసరం ఉండదు. గ్రాహకాలు ఎండోసోమ్‌లకు చేరి, అక్కడ మరింత చిన్న పుటికలుగా మారి కణం వెలుపలికి విసర్జితమవుతాయి. 1983లో ఎలుక, గొర్రె రెటిక్యులోసైట్లలో గమనించిన ఈ పుటికలకే 1987లో ఎక్సోసోమ్‌లు అన్న పేరు వచ్చింది. పరిణతి చెందిన ఎర్రకణానికి ఎండోసైటోసిస్ యంత్రాంగం దాదాపు మిగలదు.

ఈ లేతదశ మలేరియాకు కూడా ముఖ్యమే. ప్లాస్మోడియం వైవాక్స్ పరాన్నజీవి రెటిక్యులోసైట్లలోకే ప్రవేశిస్తుంది. అది ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్నే పట్టుగా ఉపయోగించుకుంటుందని 2018లో తేలింది. కణం ఆ గ్రాహకాన్ని విసర్జించిన తరువాత పరాన్నజీవికి ఆ ద్వారం మూసుకుపోతుంది.

6. ఇనుముకు కాపలా - హెప్సిడిన్:

ఆహారంలోని ఇనుము పేగుకణాల నుంచి రక్తంలోకి రావడానికి ఫెర్రోపోర్టిన్ ఒక్కటే ద్వారం. పాత ఎర్రకణాలను మింగిన మాక్రోఫేజ్ కణాలు ఇనుమును తిరిగి రక్తానికి అందించేదీ దీని ద్వారానే. కాలేయం తయారుచేసే 25 అమైనో ఆమ్లాల హెప్సిడిన్ ఫెర్రోపోర్టిన్‌కు అతుక్కొని, దానిని ఎండోసైటోసిస్ ద్వారా లోనికి పంపి లైసోసోమ్‌లో నశింపజేస్తుందని 2004లో నిరూపితమైంది. ద్వారాన్ని నేరుగా మూసివేసే శక్తి కూడా హెప్సిడిన్‌కు ఉందని తరువాత తెలిసింది. ఇక్కడ గ్రాహకం, ఇనుము ద్వారం ఒకే ప్రోటీన్ కావడం వల్ల, దాని ఎండోసైటోసిస్సే హార్మోను ప్రభావంగా పరిణమిస్తుంది.

హెప్సిడిన్ పరిమాణాన్ని కణాల మధ్య సంభాషణ నిర్ణయిస్తుంది. కాలేయ రక్తనాళపు లోపలి కణాలు బీఎంపీ-6 అనే సంకేతాన్ని పంపి దాని తయారీని పెంచుతాయి. రక్తనష్టం తరువాత ఎముక మజ్జలోని పూర్వకణాలు ఎరిథ్రోఫెరోన్‌ను విడుదల చేసి, బీఎంపీ సంకేతాన్ని అడ్డుకొని, ఇనుము ద్వారాన్ని తెరిపిస్తాయి. ఎరిథ్రోఫెరోన్‌ను 2014లో గుర్తించారు. ఇన్ఫెక్షన్ సమయంలో విడుదలయ్యే ఇంటర్‌లూకిన్-6 హెప్సిడిన్‌ను పెంచుతుంది.

మన్యం ప్రాంతానికి ఈ విషయం ఎంతో ముఖ్యం. మలేరియా సోకినప్పుడు హెప్సిడిన్ పెరిగి, ఫెర్రోపోర్టిన్ తగ్గి, ఇనుము మాక్రోఫేజ్‌లలోనే నిలిచిపోతుంది. నోటి ద్వారా ఇచ్చే ఇనుము కూడా ఆ సమయంలో పేగును దాటి రక్తంలోకి చేరడం తగ్గుతుంది. శరీరంలో ఇనుము ఉన్నా ఎర్రకణానికి అందని స్థితి ఏర్పడుతుంది. మలేరియా తీవ్రంగా ఉన్న పెంబా ద్వీపంలో పసిపిల్లలకు విచక్షణ లేకుండా ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు తీవ్రమైన అనారోగ్యాలు పెరిగాయని 2006లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అందువల్ల ఇనుము మాత్రలు మానాలని అర్థం కాదు. మలేరియా గల ప్రాంతాలలో ఇనుము పంపిణీ, మలేరియా నివారణ, నిర్ధారణ, చికిత్స కలిసి నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ సూచన వెనుక ఉన్న కణశాస్త్రానికి హెప్సిడిన్ కీలకం.

7. సికిల్ సెల్ వ్యాధిలో శిథిలాల తొలగింపు:

హీమోగ్లోబిన్ బీటా గొలుసు 6వ స్థానంలో గ్లూటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడం సికిల్ సెల్ వ్యాధికి మూలం. భారతీయ గిరిజనులలో ఈ జన్యువును 1952లో నీలగిరి కొండల్లో లేమాన్, కట్‌బుష్ తొలిసారిగా నివేదించారు. మన దేశపు గిరిజనులలో ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ జన్యురూపంలో పిండదశ హీమోగ్లోబిన్ అధికంగా ఉండడం కొంత రక్షణనిస్తుంది. అయినా తీవ్రమైన నొప్పులు, రక్తహీనతతో బాధపడేవారు తక్కువేమీ కాదు.

సాధారణ ఎర్రకణం 120 రోజులు బతికితే, సికిల్ కణం సుమారు 10 నుంచి 20 రోజులలోనే నశిస్తుంది. పగిలిన కణం నుంచి వెలువడిన హీమోగ్లోబిన్‌ను హాప్టోగ్లోబిన్ పట్టుకుంటుంది. ఆ జంటను మాక్రోఫేజ్ పొర మీది సీడీ-163 గ్రాహకం ఎండోసైటోసిస్ ద్వారా లోనికి తీసుకుంటుందని 2001లో గుర్తించారు. విడి హీమ్‌ను హీమోపెక్సిన్ ఇదే విధంగా సీడీ-91 గ్రాహకానికి అప్పగిస్తుంది. సికిల్ సెల్ రోగులలో కణాలు నిరంతరం పగులుతుండడం వల్ల హాప్టోగ్లోబిన్, హీమోపెక్సిన్ నిల్వలు తరిగిపోతాయి. గ్రాహకాలు ఉన్నా వాటికి శిథిలాలను చేర్చే వాహకాలు కొరవడతాయి.

మిగిలిపోయిన హీమ్ రక్తనాళ కణాలకు ప్రమాద సంకేతంగా మారుతుంది. అది టీఎల్‌ఆర్-4 గ్రాహకాన్ని ప్రేరేపించగా, ఆ కణాలు లోపల దాచుకున్న పీ-సెలెక్టిన్‌ను పొర మీదికి తెస్తాయని 2014లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. పీ-సెలెక్టిన్ అంటుకునే స్వభావం గల ప్రోటీన్. సాధారణంగా కణం దానిని త్వరలోనే ఎండోసైటోసిస్ ద్వారా వెనక్కి తీసుకుంటుంది. హీమ్ ప్రేరణ ఆగకపోతే పీ-సెలెక్టిన్ పదేపదే పైకి వచ్చి తెల్లకణాలను, సికిల్ కణాలను పట్టి నిలుపుతుంది. రక్తప్రవాహం అడ్డుపడి నొప్పి మొదలవుతుంది. పీ-సెలెక్టిన్‌ను అడ్డుకునే క్రిజాన్‌లిజుమాబ్ ఔషధానికి 2019లో అమెరికాలో ఆమోదం లభించింది. తరువాతి పరీక్షలో ప్రయోజనం నిర్ధారణ కాకపోవడంతో 2023లో ఐరోపాలో అనుమతి రద్దయింది. ఒకే అంటుకునే అణువును అడ్డుకున్నంత మాత్రాన ఈ వ్యాధి అదుపులోకి రాకపోవచ్చునని ఈ అనుభవం హెచ్చరిస్తుంది. పిండదశ హీమోగ్లోబిన్‌ను పెంచి, కణాలు పగలడాన్ని మూలంలోనే తగ్గించే హైడ్రాక్సీయూరియా నేటికీ ప్రధాన ఔషధం.

8. మలేరియా పరాన్నజీవి - ఔషధ ప్రభావం:

పరిణతి చెందిన ఎర్రకణం ఎండోసైటోసిస్‌ను వదులుకుంటుందని పైన చెప్పుకున్నాం. అందులో చేరిన ప్లాస్మోడియం ఫాల్సిపారం మాత్రం తన సొంత ఎండోసైటోసిస్‌ను నడుపుతుంది. తన పొరలోని సైటోస్టోమ్ అనే గుంట ద్వారా హీమోగ్లోబిన్‌ను మింగి, ఆహార రిక్తికలో జీర్ణం చేసుకుంటుంది. మిగిలిన విషపూరిత హీమ్‌ను హీమోజోయిన్ అనే స్ఫటికంగా మారుస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో పరాన్నజీవిని గుర్తించడానికి తోడ్పడిన నల్లని రంగురేణువులు ఇవే. ఎర్రకణం పగిలినప్పుడు హీమోజోయిన్‌ను మాక్రోఫేజ్‌లు మింగుతాయి. వాటి నుంచి వెలువడే వాపు సంకేతాలు ఎముక మజ్జలో కణోత్పత్తిని మందగింపజేస్తాయి. పరాన్నజీవి మింగిన హీమోగ్లోబిన్ శేషం ఈ విధంగా ఆతిథేయి కణాల మధ్య సంకేతాలను మార్చివేస్తుంది.

ఫాల్సిపారం మలేరియాకు నేటి చికిత్సలో మూలస్తంభం ఆర్టిమిసినిన్ వర్గపు ఔషధం. ఈశాన్య రాష్ట్రాలు మినహా దేశంలో ఆర్టిసునేట్‌ను సల్ఫాడాక్సిన్-పైరిమెథామిన్‌తో కలిపి ఇవ్వడం జాతీయ విధానంగా అమలైంది. హీమోగ్లోబిన్ జీర్ణం కావడం వల్ల విడుదలయ్యే హీమ్ ఈ ఔషధాన్ని క్రియాశీలం చేస్తుంది. కెల్చ్-13 జన్యువులోని ఉత్పరివర్తనాలు ఔషధ నిరోధకతకు గుర్తులని 2014లో తేలింది. ఆ ప్రోటీన్ పరాన్నజీవి ఎండోసైటోసిస్‌కు అవసరమని, ఉత్పరివర్తనం వల్ల తొలి వలయదశలో హీమోగ్లోబిన్ గ్రహణం తగ్గుతుందని 2020లో జర్మనీలోని హాంబర్గ్ పరిశోధకులు చూపారు. పరాన్నజీవి కొంతసేపు తక్కువ తిని, ఔషధం క్రియాశీలం కాకుండా తప్పించుకుంటుంది. చికిత్స మొదలైన తరువాత రక్తంలో పరాన్నజీవులు ఎంత వేగంగా తగ్గుతున్నాయో గమనించడం అందుకే అవసరం. ఒడిశా సరిహద్దుకు ఆనుకొని, జన సంచారం ఎక్కువగా ఉండే కొండ మండలాలలో ఈ నిఘాకు ప్రాధాన్యం ఉంది.

సికిల్ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి తీవ్ర ఫాల్సిపారం మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆలిసన్ చూపారు. మలేరియా ప్రాంతాలలో ఆ జన్యువు తరతరాలుగా నిలిచి ఉండడానికి ఇది కారణం. రెండు ప్రతులూ ఉన్నవారికి మాత్రం మలేరియా ప్రాణాంతకం కాగలదు. సికిల్ జన్యువు ఉన్నవారందరికీ మలేరియా ముప్పు లేదన్న అపోహకు తావివ్వకూడదు.

9. ముగింపు:

- ఎండోసైటోసిస్ సంకేతాన్ని ముగించగలదు, కొనసాగించగలదు, పొరుగుకణంలో మేల్కొల్పగలదు. ఎరిథ్రోపొయిటిన్, ఈజీఎఫ్, నాచ్ మార్గాలు వరుసగా ఈ మూడింటికీ నిదర్శనాలు.
- హెప్సిడిన్-ఫెర్రోపోర్టిన్ సంబంధంలో ఎండోసైటోసిస్ స్వయంగా హార్మోను ప్రభావం. మలేరియా కాలపు రక్తహీనతలో ఇనుము తీసుకున్నా ఫలితం తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం.
- సికిల్ సెల్ వ్యాధిలో హీమోగ్లోబిన్ శిథిలాలను తొలగించే గ్రహణమార్గం తట్టుకోలేని భారం పడి, మిగిలిన హీమ్ హానికర సంకేతంగా మారుతుంది.
- ఫాల్సిపారం పరాన్నజీవి తన గ్రహణాన్ని తగ్గించుకోవడం ద్వారా ఔషధాన్ని తట్టుకుంటుంది.

2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 2047 నాటికి లక్ష్యాన్ని చేరాలని నిర్దేశించుకుంది. గిరిజన ప్రాంతాలలో 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది దాని సంకల్పం. పార్వతీపురం మన్యం వంటి జిల్లాలలో ఒకే బిడ్డకు సికిల్ పరీక్ష, మలేరియా పరీక్ష, హీమోగ్లోబిన్ పరీక్ష అవసరం కావచ్చు. ఆ మూడు ఫలితాలను వేరువేరు పట్టికలలో నమోదు చేసి ఊరుకుంటే, ఒక వ్యాధి మరొకదాని చికిత్సను మార్చే తీరు కనిపించకుండా పోతుంది. వాటిని కలిపి చదవడానికి కావలసిన శాస్త్రీయ ఆధారాన్ని ఎర్ర రక్తకణం చుట్టూ జరిగే ఎండోసైటోసిస్ అధ్యయనం అందిస్తుంది.